అంతర్జాలమున ప్రకటనల వ్యాపారము

వెల యనగా నేమో మార్కాపురము, గిద్దలూరు, కొమరోలు ప్రాంతముల వారికి వేరుగా చెప్పనక్కరలేదు. వేసవి వచ్చినచో త్రాగునీటిని సైతము బిందెల లెక్కన కొనుక్కొను ప్రాంతము మనది. ఎవరో ఒకరు వెల చెల్లించనిదే ఏ వస్తువును ఇంటికి రాదని మనకు అనుభవము వలననే తెలియును. అట్టి మనము గూగుల్‌లో ఒక విషయమును వెదకినప్పుడు గాని, యూట్యూబులో ఒక పాఠమును విన్నప్పుడు గాని, ఫేస్‌బుక్కులో బంధువుల ఫొటోలను చూచినప్పుడు గాని ఆ సంస్థలకు పైసా చెల్లించుట లేదు. మరి ఆ సంస్థలు ఎట్లు నడచుచున్నవి? వాని యంత్రములకు, ఉద్యోగులకు, విద్యుత్తునకు అగు వ్యయమును ఎవరు భరించుచున్నారు? ఈ ప్రశ్నకు సమాధానమును విద్యార్థినీ విద్యార్థులకు సులభముగా తెలియజెప్పుటయే ఈ వ్యాసమున మేము తలపెట్టిన పని.

నెలనెలా రీచార్జి చేయించుచున్నాము గదా, ఆ సొమ్మే వారికి చేరుచుండునని కొందరు భావింతురు. అది సరి కాదు. రీచార్జి సొమ్ము టెలిఫోను కంపెనీకి చేరును. అది దారి ఖర్చు మాత్రమే. బస్సు టిక్కెట్టు కొని సంతకు పోయినంత మాత్రమున సంతలోని సరుకునకు వెల చెల్లించినట్లు కాదు గదా!

గూగుల్ యొక్క మాతృసంస్థయగు ఆల్ఫాబెట్ 2024వ సంవత్సరమున గడించిన మొత్తము ఆదాయము సుమారు 35,000 కోట్ల డాలర్లు. అందు 26,400 కోట్ల డాలర్లకు పైగా, అనగా నాలుగింట మూడు వంతులు, ప్రకటనల వలన వచ్చినవే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లకు యజమానియైన మెటా సంస్థకు అదే సంవత్సరమున సుమారు 16,400 కోట్ల డాలర్ల ఆదాయము రాగా, అందు నూటికి 97 వంతులు ప్రకటనల సొమ్మే. సరుకులను అమ్ముటయే వృత్తిగా గల అమెజాన్ సైతము ఆ యేడు ప్రకటనల వలన 5,600 కోట్ల డాలర్లు గడించినది.

ఇంత ధనము ఇచ్చుచున్న వారు ప్రకటనదారులు. వారు కొనుచున్నది వెబ్‌సైటులోని వ్రాతను గాని, చిత్రమును గాని కాదు. దానిని చూచుచున్న మన దృష్టిని. ఈ ఒక్క సంగతిని గ్రహించినచో తక్కిన వ్యవహారమంతయు తేటపడును.

పత్రికల నాటి పద్ధతి

ప్రకటనల సొమ్ముతో చదువరికి తక్కువ వెలకు చదువు నందించుట క్రొత్త సంగతి కాదు. తెలుగు పత్రికల చరిత్రయే ఇందుకు సాక్ష్యము. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనము వ్యాపారమును స్థాపించిరి. ఆ వ్యాపారము నిలద్రొక్కుకొనిన పిమ్మట, 1908లో అదే నగరమున ఆంధ్ర పత్రికను వారపత్రికగా వెలువరించిరి. 1914లో అది మద్రాసు నుండి దినపత్రికగా రాసాగినది. తలనొప్పి మందు అమ్మిన సొమ్ము తెలుగు పత్రికకు ఆధారమగుట మన భాషా చరిత్రలో గుర్తుంచుకొనదగిన ఘట్టము. మందునకును వార్తకును గల ఆ బంధుత్వమే నేడు వేరొక రూపమున మన సెల్‌ఫోనులలో కనుపించుచున్నది.

హైదరాబాదున 1949లో వెలసిన ఉర్దూ దినపత్రిక సియాసత్ అయినను, విశాఖపట్టణమున 1974లో వెలసిన ఈనాడు అయినను చదువరి ఇచ్చు వెలతో మాత్రమే నడచినవి కావు. కాగితము, అచ్చు, రవాణా ఖర్చులలో చాల భాగమును ప్రకటనలే భరించును. ఉర్దూ చదువరులు ఇష్తెహార్ అనియు, తెలుగువారు ప్రకటన అనియు అన్నను, పత్రికా కార్యాలయమున దాని స్థానము ఒక్కటియే.

అయితే అచ్చు ప్రకటనకు రెండు లోపములు కలవు. మొదటిది, పత్రిక కొనిన వారందరకును ఒకే ప్రకటన కనుపించును. గిద్దలూరులోని వస్త్రవ్యాపారి రాష్ట్రమంతటికిని పోవు పత్రికలో ప్రకటన వేయించినచో, శ్రీకాకుళము చదువరి దానిని చూచి చేయగలిగినది లేదు. అయినను ఆ చదువరి పేర కూడ సొమ్ము చెల్లించవలసినదే. 1980వ దశకము చివర ఈనాడు జిల్లాకొక అనుబంధమును వెలువరించుట ఆరంభించినప్పుడు ఈ లోపము కొంత తగ్గినది. చిన్న పట్టణముల వర్తకులు కూడ తమ జిల్లా వరకు తమ శక్తికి తగిన ప్రకటన వేయించుకొనగలిగిరి.

రెండవ లోపము మాత్రము అట్లే నిలిచినది. ప్రకటనను ఎందరు చూచిరి, చూచినవారిలో ఎందరు దుకాణమునకు వచ్చిరి అను లెక్క పత్రిక వద్ద లేదు. అంతర్జాల సంస్థలు ఈ రెండు లోపములను తీర్చెదమని చెప్పియే ప్రకటనల సొమ్మును తమ వైపునకు మరల్చుకొనినవి.

వేయి దర్శనముల వెల

1994వ సంవత్సరము అక్టోబరు 27వ తేదీన అమెరికాలో హాట్‌వైర్డ్ అను వెబ్‌సైటున ఎ.టి. అండ్ టి. అను టెలిఫోను సంస్థ ప్రకటన యొకటి అడ్డపట్టీ రూపమున వెలువడినది. అంతర్జాల ప్రకటనల చరిత్రను సాధారణముగా దీనితో ఆరంభింతురు. ఇట్టి ప్రకటనకు వెలకట్టుటకు వేయి దర్శనములకు ఇంత అను లెక్క వాడుకలోనికి వచ్చినది. ప్రకటన వేయిసార్లు చదువరుల తెరలమీద కనుపించినచో ఒక వెల. పదివేల సార్లు కనుపించినచో దానికి పది రెట్లు.

పెద్ద వెబ్‌సైట్లు మాత్రమే ఈ వ్యాపారమున ఎందుకు లాభపడుచున్నవో ఈ లెక్కయే చెప్పును. మాట వరుసకు, వేయి దర్శనములకు 30 రూపాయలు వచ్చునని అనుకొందము. మన విద్యార్థి యొకడు తెలుగు సాహిత్యముపై ఒక వెబ్‌సైటు పెట్టి, నెలకు 10,000 దర్శనములు సంపాదించెననుకొనినచో అతనికి ముట్టునది 300 రూపాయలు. వెబ్‌సైటు నడుపు ఖర్చునకే అది చాలదు. అదే వెలకు నెలకు 100 కోట్ల దర్శనములు గల సంస్థకు 3 కోట్ల రూపాయలు వచ్చును. రూపాయి చిన్నది, రాశి పెద్దది. సంఖ్య లేనివానికి ఈ వ్యాపారమున నిలుకడ లేదు.

దర్శనమునకు వెల చెల్లించుటలో ప్రకటనదారునకు ఒక అనుమానము మిగులును. తెరమీద ప్రకటన ఉన్నంత మాత్రమున చదువరి చూచెనని నమ్మకమేమి? ఈ అనుమానమును తీర్చుటకై 1998లో గోటు అను సంస్థ క్రొత్త పద్ధతిని ప్రవేశపెట్టినది. ప్రకటనను చదువరి తాకినప్పుడే, అనగా క్లిక్ చేసినప్పుడే, సొమ్ము చెల్లించవలెను. ఆ క్లిక్ వెలను సంస్థ నిర్ణయింపదు. ప్రకటనదారులే పోటీపడి పాడుకొందురు. గూగుల్ సంస్థ 2000 అక్టోబరులో తన ప్రకటనల శాఖను ప్రారంభించి, 2002లో క్లిక్ వేలమును తానును చేపట్టినది. నాటి నుండి దాని ఆదాయమునకు ఈ వేలమే మూలస్తంభమైనది.

వేలము జరుగు తీరు

వేలము పాట మనకు క్రొత్త కాదు. చెరువులో చేపలకు, చింతచెట్ల ఫలసాయమునకు, సంత ఆశీలునకు వేలము పాడుట మన గ్రామములలో చూచుచునే యున్నాము. దానినే ఉర్దూవారు నీలామ్ అందురు. ఈ రెండు మాటలును పోర్చుగీసు వర్తకుల భాష నుండి వచ్చినవని నిఘంటుకారులు చెప్పుదురు. అయితే మన ఊరి వేలమునకును గూగుల్ వేలమునకును భేదము కలదు. ఊరి వేలము ఏడాదికొకమారు జరుగును. గూగుల్ వేలము మనము వెదకిన ప్రతిమారు, కన్నుమూసి తెరచునంతలో, యంత్రముల నడుమ జరిగి ముగియును.

ఒక ఉదాహరణమును ఊహింతము. కొమరోలులోని ఒక విద్యార్థిని ఈఏపీసెట్ వ్రాసి, ఇంజనీరింగు కళాశాలల కొరకు గూగుల్‌లో వెదకినది. ఆ మాటలకు ఇరువురు ప్రకటనదారులు పాట పాడియున్నారు. మొదటివాడు ఒక్కొక్క క్లిక్కునకు 20 రూపాయల వరకు ఇచ్చెదననెను. రెండవవాడు 15 రూపాయల వరకు ఇచ్చెదననెను. మన ఊరి లెక్కన మొదటివానికే పాట దక్కవలెను. కాని గూగుల్ ఇంకొక సంగతి కూడ చూచును. మొదటివాని ప్రకటన 100 మారులు చూపినచో ఇద్దరే దానిని తాకుచున్నారు. అనగా గూగుల్‌కు వచ్చునది 40 రూపాయలు. రెండవవాని ప్రకటనను నలుగురు తాకుచున్నారు. 15 రూపాయల లెక్కన 60 రూపాయలు. కావున రెండవవాని ప్రకటనకే పైస్థానము లభించును.

అతడు చెల్లించవలసిన వెల కూడ తాను పాడిన 15 రూపాయలు కాదు. మొదటివానిని దాటుటకు ఎంత చాలునో అంత మాత్రమే. నలుగురు తాకినప్పుడు 40 రూపాయలను మించవలెను గనుక క్లిక్కునకు 10 రూపాయలకు పైన కొద్ది పైసలు చాలును. ఈ అంకెలు బోధపడుటకై మేము కల్పించినవి. వాస్తవమున గూగుల్ ఇంకను పెక్కు సంగతులను లెక్కలోనికి తీసికొనును. సూత్రము మాత్రము ఇదియే.

ఇందు గమనింపవలసినది ఒకటి కలదు. పైస్థానమున నిలిచిన కళాశాల ఉత్తమమైనదని గూగుల్ ఎచ్చటను చెప్పుట లేదు. ఆ ప్రకటనను జనులు ఎక్కువగా తాకుచున్నారనియు, ఆ స్థానమునకు తగిన పాట పలికినదనియు మాత్రమే దాని అర్థము. ఆ విద్యార్థిని, ఆమె తల్లిదండ్రులు ఈ భేదమును ఎరుగనిచో నాలుగేండ్ల చదువును, లక్షల రూపాయల ఫీజును ఒక వేలము పాట ఫలితమునకు అప్పగించినవారగుదురు.

ఇతరుల వెబ్‌సైట్లపై ప్రకటనలు

తన సొంత వెదకు పుటపై మాత్రమే గాక, ఇతరుల వెబ్‌సైట్లపై కూడ ప్రకటనలు వేయుటకు గూగుల్ 2003లో యాడ్‌సెన్స్ అను ఏర్పాటును ఆరంభించినది. వెబ్‌సైటు యజమాని తన పుటలో కొంత స్థలమును విడిచి గూగుల్‌కు ఒప్పగించును. గూగుల్ యంత్రము ఆ పుటను చదివి, విషయమేమో గ్రహించి, తగిన ప్రకటనను వేలము ద్వారా ఎన్నుకొని అచ్చట నిలుపును. వ్యవసాయ వ్యాసము ప్రక్కన ట్రాక్టరు ప్రకటన, వంటకము ప్రక్కన నూనె ప్రకటన. వచ్చిన సొమ్ములో నూటికి 68 వంతులు వెబ్‌సైటు యజమానికిని, తక్కినది గూగుల్‌కును అను లెక్క చాలకాలము సాగినది.

యంత్రము పుటను చదువవలెనన్న దానికి ఆ భాష తెలియవలెను. హిందీ భాషకు 2014లో యాడ్‌సెన్స్ ద్వారము తెరచుకొనగా, తెలుగునకు 2018 జూనులో గాని తెరచుకొనలేదు. కోట్ల జనులు మాటలాడు భాషకు, ఆ ఏర్పాటు పుట్టిన పదునైదేండ్లకు ఈ అవకాశము లభించినదన్నమాట. ఆ లోపల తెలుగులో వెబ్‌సైటు పెట్టి సాహిత్యమునో, విజ్ఞానమునో వ్రాసినవారిలో పెక్కురు భాషాభిమానముతో సొంత ఖర్చు పెట్టుకొని వ్రాసినవారే. ఉర్దూ కూడ నేడు ఆ భాషల జాబితాలో కలదు.

వ్రాత కంటె ముందు దృశ్యమే మన పల్లెలకు ఆదాయ మార్గము చూపినది. యూట్యూబును గూగుల్ 2006లో 165 కోట్ల డాలర్లకు కొనినది. 2007 నుండి వీడియోలు చేయువారికి ప్రకటనల ఆదాయమున భాగము ఇచ్చుట ఆరంభమైనది. నిడివిగల వీడియోల ప్రక్కన వచ్చు ప్రకటనల ఆదాయమున నూటికి 55 వంతులు వీడియో చేసినవారికి చెందును. జగిత్యాల జిల్లాలోని లంబాడిపల్లి అను చిన్న గ్రామము నుండి 2012లో వెలువడిన మై విలేజ్ షో ఇందుకు మంచి నిదర్శనము. గ్రామస్థులే నటులుగా, తెలంగాణ పల్లె జీవనమును హాస్యముతో చూపిన ఆ చానెల్ వలన గంగవ్వ అను వ్యవసాయ కూలీ వృద్ధురాలు తెలుగువారందరకును పరిచితురాలైనది. నగరమున స్టూడియో లేకున్నను, పత్రికాధిపతి పరిచయము లేకున్నను పల్లె మాటకు శ్రోతలు దొరకుట ఈ పద్ధతి చేసిన మేలు. మేలును మేలని ఒప్పుకొనుట న్యాయము.

చదువరిని గుర్తించు తీరు

పత్రిక చదువరిని ఎరుగదు. వెబ్‌సైటు ఎరుగును. దీనికి మొదటి సాధనము 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటుల్లీ అను ఇంజనీరు కనిపెట్టిన కుకీ. దర్గాకు గాని, దేవాలయమునకు గాని పోయినప్పుడు చెప్పులు విడిచి టోకెను తీసికొందుము గదా! మన పేరు తెలియకున్నను, ఆ టోకెను సంఖ్యను బట్టి మన చెప్పులేవో అచ్చటి వాడు చెప్పగలడు. కుకీ యనునది అట్టి టోకెనే. వెబ్‌సైటు మన ఫోనులో ఒక సంఖ్యను దాచిపెట్టి, మరల వచ్చినప్పుడు దానిని చూచి మనలను గుర్తించును.

చెప్పుల టోకెను ఒక్క చోటనే చెల్లును. కాని వేయి దుకాణములలో ఒకే మనిషి టోకెనులు ఇచ్చుచు, మనము ఏ దుకాణమున ఏమి చూచితిమో వ్రాసికొనుచుండెననుకొనుడు. ప్రకటనల సంస్థలు చేయునది ఇదియే. లక్షలాది వెబ్‌సైట్లపై వాని ప్రకటనలు ఉండుటచేత, మనము ఒకచోట చెప్పుల జత వెల అడిగి వచ్చినచో, వార్త చదువు చోట కూడ అదే చెప్పుల జత మనలను వెంబడించును. కుకీ గాక, ఫోను గుర్తింపు సంఖ్య, ఉన్న ప్రదేశము, వెదకిన మాటలు, మెచ్చుకొనిన చిత్రములు, చేరిన బృందములు, ఇవన్నియు చదువరి చిత్తరువును పూర్తి చేయును. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లకు ఈ చిత్తరువే పెట్టుబడి.

దీని వలన వర్తకునకు గల సౌకర్యమును మరల గిద్దలూరు వస్త్రవ్యాపారి ఉదాహరణముతోనే చెప్పుదుము. అతడు రంజాన్ పండుగకు ముందు, గిద్దలూరు చుట్టుప్రక్కల కొన్ని మైళ్ల లోపల, ఇంత వయస్సు వారికి, ఇన్ని దినములు మాత్రమే తన ప్రకటన కనుపించవలెనని కోరవచ్చును. కొన్ని వందల రూపాయలతో పని జరుగును. ఎందరు చూచిరి, ఎందరు తాకిరి అను లెక్క సాయంత్రమునకు అతని చేతికి వచ్చును. అచ్చు ప్రకటన రెండు లోపములును ఇచ్చట తీరినవి. ప్రకటనదారులు పత్రికలను విడిచి ఇటు ఎందుకు వచ్చిరో దీనిని బట్టి తెలియును. పత్రికల పుటలు సన్నగిల్లుటకు గల కారణములలో ఇదియు ఒకటి.

మన దృష్టికి కట్టు వెల

ఇట్లు మనిషిని బట్టి ప్రకటన మారినప్పుడు, మనిషిని బట్టి వెల కూడ మారును. 2023వ సంవత్సరపు చివరి మూడు నెలలలో ఫేస్‌బుక్ సంస్థ తన వాడుకదారు ఒక్కొక్కరి వలన సగటున ఎంత గడించెనో తానే ప్రకటించినది. అమెరికా, కెనడాలలో ఒక్కొక్కరికి 68 డాలర్లకు పైగా. మన దేశము చేరియున్న ఆసియా, పసిఫిక్ ప్రాంతమున ఒక్కొక్కరికి ఐదున్నర డాలర్లు. అక్కడి ఒక్కరి దృష్టి ఇక్కడి పండ్రెండుగురి దృష్టికి సమానమన్నమాట. కారణము సులభము. ప్రకటనదారుడు చదువరి తెలివికి వెలకట్టడు. అతడు చేయబోవు కొనుగోలునకు వెలకట్టును. కొనుగోలు శక్తి తక్కువగా గల చోట పాట తక్కువగా పలుకును.

తెలుగు, ఉర్దూ భాషలను ప్రేమించు మనకు ఇందు ఆలోచింపవలసిన సంగతి కలదు. వెల తక్కువైనప్పుడు ఆదాయము కొరకు సంఖ్యను పెంచవలెను. సంఖ్యను పెంచుటకు ఒక సులభోపాయము దొరకినది. లోపల ఏమియు లేకున్నను పైన ఆశ్చర్యము గొలుపు శీర్షిక పెట్టుట. పది వాక్యములలో చెప్పదగిన వార్తను పది పుటలుగా విడదీయుట. నటీనటుల ఇంటి ముచ్చట్లను పెద్ద వార్తగా వ్రాయుట. ఆరు నెలలు శ్రమించి వెలిగొండ ప్రాజెక్టు గురించి వ్రాసిన వ్యాసమునకును, అరగంటలో అల్లిన పుకారునకును వేయి దర్శనముల వెల ఇంచుమించు ఒక్కటియే. శ్రమకు వెల లేని చోట శ్రమించువారు తగ్గుదురు. మన భాషలో మంచి వ్రాత అంతర్జాలమున పలుచబడుచున్నదని బాధపడువారు ఈ ఆర్థిక కారణమును కూడ గుర్తింపవలెను.

కీడు, దానికి కట్టడి

వేలమున పాడువాని మంచిచెడ్డలను యంత్రము ఎల్లప్పుడును పట్టలేదు. 2020 నుండి రెండు తెలుగు రాష్ట్రములలోను సెల్‌ఫోను ద్వారా నిమిషములలో అప్పులిచ్చు యాప్‌ల వలన ఎన్నో కుటుంబములు బాధలు పడినవి. ఆ అప్పులలో చిక్కుకొని, వేధింపులకు తాళలేక కొందరు ప్రాణములు తీసికొనిరి. అట్టి యాప్‌లలో పెక్కు ప్రకటనల ద్వారానే అవసరములో ఉన్నవారి కంటబడినవి. పిదప 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇట్టి అప్పులకు నియమములను విధించినది. సొమ్ము పందెముల ఆటలను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లో నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము దేశమంతట అట్టి ఆటలతో పాటు వాని ప్రకటనలను కూడ నిషేధించినది.

2023లో మన దేశమున వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండని వారి నడతను వెంబడించి గమనించుటను, వారిని గురిపెట్టి ప్రకటనలు వేయుటను కూడదని చెప్పుచున్నది. ఇంటర్మీడియెట్ చదువు విద్యార్థులలో పెక్కురు ఈ రక్షణ పరిధిలోనివారే.

అధికారమంతయు ఒకే చోట చేరుటపై కూడ విచారణలు జరిగినవి. ప్రకటనలు అమ్మువారికిని, కొనువారికిని నడుమ సంత నడుపు డబుల్‌క్లిక్ అను సంస్థను గూగుల్ 2008లో తనలో కలుపుకొనినది. నాటి నుండి అమ్మువాని తరఫు దళారియు, కొనువాని తరఫు దళారియు, సంత యజమానియు గూగులే అయినది. 2025 ఏప్రిల్‌లో అమెరికా న్యాయస్థానమొకటి ఈ వ్యాపారములోని రెండు భాగములలో గూగుల్ చట్టవిరుద్ధముగా గుత్తాధిపత్యము సాగించినదని తీర్పు చెప్పినది. మార్కెట్ యార్డులో రైతు తరఫున, వ్యాపారి తరఫున ఒకే మనిషి బేరమాడినచో ఏమగునో మన ప్రాంతపు రైతుబిడ్డలకు విడమరచి చెప్పనక్కరలేదు.

ప్రకటన లేని మార్గము

అంతర్జాలమంతయు ప్రకటనల మీదనే నడచుచున్నదని తలపరాదు. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో ఒక్క ప్రకటనయైనను కనుపించదు. దాని ఖర్చులను లోకమంతటి దాతల విరాళములు భరించును. వ్యాసములను స్వచ్ఛందముగా వ్రాయుదురు. అచ్చట దర్శనముల సంఖ్యను బట్టి ఎవరికిని సొమ్ము రాదు. కావున బూటకపు శీర్షికకు పని లేదు. తమ ఊరి చరిత్ర, కంభం చెరువు, మార్కాపురము పలకలు మొదలగు విషయములపై మన విద్యార్థులు అచ్చట వ్రాయగలిగినచో అది భాషకు సేవ.

విద్యార్థులకు మా విన్నపము

ఈ వ్యాపారమును తెలిసికొనుట దానిని ద్వేషించుట కొరకు కాదు. ప్రకటన లేనిచో పేద విద్యార్థికి నేడు ఉచితముగా దొరకు పాఠములు, పటములు, అనువాద సాధనములు ఈ రూపమున దొరకుట కష్టమే. కాని వెల చెల్లించుచున్నవాడు ఎవరో, ఎందుకో ఎరిగి వాడుకొనుట వివేకము.

గూగుల్ పుటపై మొదట వచ్చు వరుసలలో స్పాన్సర్డ్ అను మాట చిన్న అక్షరములలో ఉన్నదేమో చూడుడు. ఉన్నచో అది వేలమున గెలిచిన ప్రకటన; మీ ప్రశ్నకు ఉత్తమమైన సమాధానము కానక్కరలేదు. పరీక్షా ఫలితములు, కౌన్సెలింగు, స్కాలర్‌షిప్పుల కొరకు వెదకినప్పుడు చిరునామా చివర గవ్ డాట్ ఇన్ అని ఉన్నదో లేదో చూచిన పిమ్మటనే ఆధార్ సంఖ్యను గాని, బ్యాంకు ఖాతాను గాని వ్రాయుడు. తొందరపడి సొమ్ము కట్టుమను ప్రకటనను, పూచీ లేకుండ అప్పు ఇచ్చెదమను ప్రకటనను ఇంట పెద్దలకు చూపక తాకవలదు. ఫోను సెట్టింగులలో ప్రకటనల విభాగమున మీ గురించి సంస్థ ఏమేమి ఊహించినదో చూడవచ్చును. వలదనుకొనిన వానిని ఆపివేయవచ్చును. ఒకమారు చూచినవారికి మేము పైన చెప్పిన చిత్తరువు ఎట్టిదో కంటికి కట్టినట్లు తెలియును.

చదువు రాని తల్లిదండ్రులు, తాతలు నేడు మీ ఇండ్లలో సెల్‌ఫోనులు వాడుచున్నారు. తెరమీద కనుపించు ప్రతి మాటను ప్రభుత్వము మాటగానో, పత్రిక మాటగానో వారు నమ్ముదురు. వారి ప్రక్కన కూర్చుండి, ఇది వార్త, ఇది ప్రకటన అని వేరుచేసి చూపగలవారు మీరే. ఈ వ్యాసమును చదివిన ప్రతి విద్యార్థియు తన ఇంట ఒక్కరికైనను ఆ భేదమును నేర్పినచో మా శ్రమ ఫలించినట్లే భావింతుము.